ఒక్క డాలరు పట్టా

తుఫాను వచ్చి ఏదో ఒక దీవి నేలమట్టమైనప్పుడల్లా నిపుణుల నోట ఒకే మాట వినిపిస్తుంది. అక్కడి జనం చేతిలో పట్టాలు లేవు కనకే కోలుకోలేకపోతున్నారట. పట్టా ఉంటే బ్యాంకు అప్పిస్తుంది, బీమా కంపెనీ ముందుకొస్తుంది, పెట్టుబడిదారుడు ధైర్యం చేస్తాడు, ఊరు మళ్లీ లేచి నిలబడుతుందట. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో 2000లో వెలువరించిన ‘ది మిస్టరీ ఆఫ్ కాపిటల్’ ఈ వాదానికి సిద్ధాంత బలం ఇచ్చింది. పేదలకు ఆస్తి ఉంది, దానికి కాగితం లేదు, అందుకే అది పెట్టుబడిగా మారకుండా చచ్చిపడి ఉందన్నది ఆయన మాట. ప్రభుత్వాలూ అభివృద్ధి సంస్థలూ ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాయి. 2017లో కరీబియన్ సముద్రంలోని బార్బుడా దీవి మీద ఈ మంత్రాన్ని ప్రయోగించిన తీరు గమనిస్తే, అది తుఫాను బాధితులను నిలబెట్టే మందు కాదనీ, వాళ్ల కాళ్ల కింది నేలను అమ్మకానికి సిద్ధం చేసే పని అనీ తేలుతుంది.

బార్బుడా పెద్ద దీవేమీ కాదు. 160 చదరపు కిలోమీటర్లు. జనాభా రెండు వేలు నిండదు. పక్కనున్న ఆంటిగ్వాతో కలిపి ఒక దేశం. ఉన్న ఊరు ఒక్కటే, కాడ్రింగ్టన్. 1685లో ఇంగ్లండు రాజు దగ్గర దీవిని నామమాత్రపు శిస్తుకు కౌలుకు తీసుకున్న కుటుంబం పేరు అది. నేల పల్చన, వాన తక్కువ. చెరకు తోటలకు పనికిరాలేదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత ఆ కుటుంబం ఇక్కడ పశువులు కాయించింది, ఆంటిగ్వాలోని చెరకు తోటలకు తిండీ సామగ్రీ పంపించింది. 1834లో బానిసత్వం పోయింది. ఆ జనం దీవి వదిలి ఎక్కడికీ పోలేదు. నేలను ముక్కలు చేసి పంచుకోనూ లేదు. అందరిదీ అనుకుని వాడుకున్నారు.

తరాలుగా నడుస్తున్న ఈ కట్టుబాటుకు 2007లో బార్బుడా భూమి చట్టం పూర్తి రూపం ఇచ్చింది. అది అమల్లో ఉన్నన్నాళ్లూ దీవి మొత్తం బార్బుడా ప్రజల ఉమ్మడి సొత్తు. పద్దెనిమిదేళ్లు నిండిన బార్బుడన్ ఎవరైనా దీవి స్థానిక కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకుని ఇంటికో స్థలం, సాగుకో స్థలం, వ్యాపారానికో స్థలం అడగవచ్చు. ధర కట్టనక్కర్లేదు. కట్టుకున్న ఇల్లు వాళ్లదే, పిల్లలకు వస్తుంది. కింది నేల మాత్రం ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. ఊరి బయటంతా పశువులు మేసే బయలు. పొదల్లో జింకల వేట, మడుగులో చేపలు, సముద్రంలో లాబ్‌స్టర్లు. బయటివాళ్లెవరైనా పెద్ద హోటలు కట్టాలంటే కౌలుకే తీసుకోవాలి, దానికీ జనంలో మెజారిటీ ఒప్పుకోవాలి. జేబులో చిల్లిగవ్వ లేనివాడికి కూడా ఇంటి జాగా దొరికే దేశాలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో పట్టా వాదులు చెబితే బాగుండును.

2017 సెప్టెంబరు 6 తెల్లవారకముందే ఇర్మా హరికేన్ కేటగిరీ 5 బలంతో దీవిని తాకింది. గాలి వేగం గంటకు 285 కిలోమీటర్లు. రెండేళ్ల పసివాడు చనిపోయాడు. కట్టడాల్లో తొంభై అయిదు శాతం దెబ్బతిన్నాయని ప్రధాని గాస్టన్ బ్రౌన్ ప్రకటించాడు. వెనకే జోస్ అనే మరో హరికేన్ వస్తోందని రెండు రోజుల్లో దీవి మొత్తాన్ని ఖాళీ చేయించి జనాన్ని ఆంటిగ్వాకు తరలించారు. మనిషి ప్రాణం కోసం చేసిన ఆ పనిని తప్పు పట్టనక్కర్లేదు. కానీ జోస్ దీవిని తాకకుండానే దాటిపోయింది, జనం మాత్రం వెంటనే వెనక్కి రాలేకపోయారు. కరెంటు లేదు, నీళ్లు లేవు, బడి లేదు. నెలలు గడిచాయి. జనం ఆంటిగ్వా శిబిరాల్లోనూ చుట్టాల ఇళ్లలోనూ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా, బార్బుడాలో బుల్డోజర్లు దిగాయి. కూలిన ఇళ్లు ఎత్తడానికి అనుకునేరు, కొత్త విమానాశ్రయానికి అడవి కొట్టడానికి.

అదే ఏడాది చివర్లో భూమి చట్టానికి సవరణ వచ్చింది, మరుసటి ఏడాది చట్టమే రద్దయింది. ప్రభుత్వం ముందుకు తెచ్చిన ఏర్పాటు ఏమిటంటే, బార్బుడన్ ఒక్కో డాలరు కట్టి తన ఇంటి స్థలానికి పట్టా తీసుకోవచ్చు. మిగిలిన దీవి ప్రభుత్వానిది. వినడానికి ఉదారంగానే ఉంది. లెక్క చూస్తే వేరుగా ఉంది. నిన్నటిదాకా దీవి అంతటి మీదా హక్కున్న మనిషికి నేడు ఇంటి కింది జాగా దక్కుతుంది. మేత బయళ్లు, తోటలు వేసుకునే నేల, సముద్రపుటొడ్డు చేజారిపోతాయి. దీనికి పెట్టిన పేరు యాజమాన్యం.

పట్టాదారు పాసుపుస్తకం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన తెలుగు రైతుకు నా మాట వింతగా తోచవచ్చు. కాగితం లేనివాడి నేలను ఎవడైనా కబ్జా చేస్తాడన్న భయం మనకు బాగా తెలుసు. అందుకే పట్టా వాదుల్ని ఎగతాళితో కొట్టిపారేయడం కుదరదు, ఒక్కో వాదనా విడివిడిగా చూడాల్సిందే.

మొదటిది అప్పు. పట్టా తాకట్టు పెడితే బ్యాంకు డబ్బిస్తుంది, ఆ డబ్బుతో ఇల్లు లేస్తుంది అంటారు. ఈ ప్రయోగం జరిగిన దేశం ఉంది, అది డి సోటో సొంత దేశమే. పెరూ 1990ల మధ్య నుంచి నగరాల పేటల్లో పది లక్షలకు పైగా పట్టాలు పంచింది. ప్రైవేటు బ్యాంకులు మాత్రం పట్టా చూసి తలుపులు తెరవలేదు. వాటికి కావలసింది నెలనెలా వచ్చే జీతం. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్ శివార్లలో ఒకే పేటలో పట్టా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసిన ఆర్థికవేత్తలు కూడా అప్పుల్లో పెద్ద తేడా చూడలేదు. తేడా కనిపించింది ఇళ్ల నాణ్యతలో. ఎవరూ ఖాళీ చేయించరన్న ధీమా ఉంటే జనం ఇల్లు బాగుచేసుకుంటారని దానర్థం. ఆ ధీమా బార్బుడన్లకు పట్టా లేకుండానే ఉండేది. దాన్ని పోగొట్టింది తుఫాను కాదు, తుఫాను తర్వాత వచ్చిన చట్టం.

పైగా తాకట్టుకు రెండో ముఖం ఉంది. దాని సంగతి పట్టా వాదులు ఎత్తరు. తాకట్టులో ఉన్న ఇల్లు గాలికి కొట్టుకుపోతే ఇల్లు పోతుంది గాని అప్పు పోదు. ఇర్మా వచ్చిన రెండు వారాలకే మరియా హరికేన్ అమెరికా అధీనంలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికోను తాకింది. అప్పటికే అక్కడ వేల కుటుంబాలు గృహరుణాలు కట్టలేక జప్తు అంచున ఉన్నాయి. తుఫాను తర్వాత జప్తుల్ని కొన్నాళ్లు ఆపమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. బార్బుడాలో ఇల్లు పోయిన మనిషికి ఆ గొడవ లేదు. పైకప్పు లేదు, కానీ నెత్తిన బ్యాంకు లేదు. నేల ఎక్కడికీ పోలేదు. తిరిగొచ్చి రేకులు కప్పుకుంటే మళ్లీ ఇల్లే. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ముందు చేసిందీ అదే: శిథిలాలలోంచి పనికొచ్చే చెక్కా రేకూ ఏరుకుని, ఒక గది నిలబెట్టుకుని, మిగతాది తర్వాత చూసుకుందామనుకున్నారు.

రెండోది ఉద్యోగాలు. ఉమ్మడి భూమి పెట్టుబడిని భయపెడుతుంది, పెట్టుబడి రాకపోతే కుర్రాళ్లకు పని ఉండదు అంటారు. పెట్టుబడి తుఫాను కోసం ఎదురుచూడలేదని చరిత్ర చెబుతోంది. హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో భాగస్వామిగా ఉన్న విలాస హోటలు కోసం ‘ప్యారడైజ్ ఫౌండ్’ పేరుతో ప్రత్యేక చట్టమే 2015లో వచ్చింది. భూమి చట్టంలోని నియమాలు ఆ ప్రాజెక్టుకు వర్తించవని అందులో రాసుకున్నారు. అంటే ఇర్మా రావడానికి రెండేళ్ల ముందే పని మొదలైంది. తుఫాను దానికి ఊరు ఖాళీ చేసి పెట్టింది. తర్వాత ‘పీస్, లవ్ అండ్ హ్యాపీనెస్’ అనే పేరుతో అమెరికా కోటీశ్వరుడు జాన్ పాల్ డిజోరియా, డిస్కవరీ ల్యాండ్ కంపెనీ కలిసి కోటీశ్వరుల కోసం ఇళ్లు, గోల్ఫ్ మైదానం ఉన్న క్లబ్బు మొదలుపెట్టారు. దానికి ఎంచుకున్న చోటు పాల్మెట్టో పాయింట్. అది కాడ్రింగ్టన్ మడుగు జాతీయ పార్కులో భాగం. ఆ మడుగు 2005 నుంచి రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేల. పశ్చిమార్ధగోళంలోనే పెద్ద ఫ్రిగేట్ పక్షుల స్థావరాల్లో ఒకటి అక్కడుంది.

పని దొరికిందన్న మాట నిజమే, కాదనను. కూలీలు, వడ్రంగులు, తోటమాలులు, కాపలాదారులు కావలసి వచ్చారు. కానీ తుఫాను నుంచి కోలుకోవడం గురించి మాట్లాడుతూ ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బల్ని చదును చేసి గోల్ఫ్ గడ్డి పరచడాన్ని ఏమనాలి? ఉప్పెన వచ్చినప్పుడు అడ్డం నిలిచేవి ఆ దిబ్బలూ మడ చెట్లే. ఇర్మా దెబ్బకు మడుగుకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుక కట్ట తెగి గండి పడింది. దీవి ఎంత సన్నని గట్టు మీద ఆధారపడి ఉందో ఆ ఒక్క గండి చూస్తే చాలు. దాని పక్కనే భారీ నిర్మాణాలకు అనుమతులిచ్చి, పాత భూమి చట్టమే దీవిని వెనక్కి లాగిందని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

ఉద్యోగం జీతమిస్తుంది, జాగా ఇవ్వదు. క్లబ్బులో పనిచేసే కుర్రాడికి పెళ్లయితే ఇల్లెక్కడ కట్టుకోవాలి? ఇదివరకు కౌన్సిల్‌ను అడిగేవాడు. ఇకమీదట మార్కెట్‌ను అడగాలి. ఆ మార్కెట్లో అతని పక్కన నిలబడి బేరమాడేది విమానం సొంతంగా ఉన్నవాళ్లు. ప్యూర్టోరికోలో ఈ కథ ఇంకా పెద్దగా నడుస్తోంది. బయటి ధనవంతులు వచ్చి స్థిరపడితే పెట్టుబడి లాభాల మీద పన్ను లేదని అక్కడ 2012లోనే చట్టం చేశారు. మరియా తర్వాత వాళ్లు కొన్నవీ, పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చేవీ అయిన ఇళ్లు ఒడ్డున పెరిగాయి, అద్దెలు చుక్కల్నంటాయి. అక్కడ పట్టాలకు కొదవలేదు. స్థానికులకు కొదవైంది అద్దె కట్టే స్తోమత.

మూడోది ప్రభుత్వ సాయం. కాగితం లేకపోతే ఎవరి ఇల్లో ఎలా తేల్చాలి, ఎవరికి డబ్బివ్వాలి అంటారు. ప్యూర్టోరికోలో మరియా తర్వాత ఏం జరిగిందో చూడండి. అమెరికా విపత్తు సంస్థ ఫెమా తరఫున ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తాడు. గోడలున్నాయి, కప్పు లేదు, నీలం టార్పాలిన్ కట్టి ఉంది. టైటిల్ డీడ్ ఏదంటాడు. తాత కట్టిన ఇల్లది. తండ్రి పోయాక ఎవరూ పేరు మార్పించలేదు, పక్కన చెల్లెలు ఒక గది వేసుకుంది. కరెంటు బిల్లులున్నాయి, ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అవేవీ చెల్లవని అర్జీ తిప్పికొట్టేవారు. ఇలా పదుల వేల అర్జీలు పోయాయి. పట్టా వాదులు దీన్ని చూపించి, చూశారా, కాగితం లేకపోతే ఇంతే అంటారు.

వాళ్లు దాచేది ఒకటుంది. ప్యూర్టోరికో చట్టం ప్రకారం ఇంటి యజమాని కావడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వాళ్లు అప్పటికే యజమానులు. లోపం జనం దగ్గర లేదు, వాషింగ్టన్‌లో రాసుకున్న నియమంలో ఉంది. అయూదా లీగల్ అనే న్యాయ సహాయ సంస్థ, దానితో పాటు మరికొందరు పట్టుబట్టాక, ఇల్లు తనదేనని ప్రమాణం చేసి సంతకం పెట్టిన వాంగ్మూలం చాలునని 2018లో ఫెమా ఒప్పుకుంది. 2021లో ఈ సడలింపు అమెరికా అంతటికీ వచ్చింది. నాలుగేళ్లలో ఒక్క నియమం మారితే తీరిపోయిన సమస్యకు దీవి దీవంతా ముక్కలు కోసి రిజిస్ట్రేషన్ చేయాలనడం తలనొప్పికి తల తీయించుకోమన్నట్టుంది.

ఉమ్మడి భూమి మీద కోలుకోవడం కుదరదన్న మాటకు జవాబు ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్ నడిబొడ్డునే ఉంది. మార్టిన్ పెన్యా కాలువ వెంబడి పేదల వాడలున్నాయి. పూడిక తీసి కాలువ బాగుచేస్తామన్న ప్రణాళిక వచ్చినప్పుడు అక్కడివాళ్లకు ఒక సంగతి అర్థమైంది: కాలువ బాగుపడితే భూమి ధర పెరుగుతుంది, ధర పెరిగితే తమను పంపించేస్తారు. 2004 చట్టంతో సుమారు 200 ఎకరాలను ఒక ఉమ్మడి ట్రస్టు చేతిలో పెట్టుకున్నారు. నేల ట్రస్టుది. దాని మీది ఇల్లు కుటుంబానిది. కుటుంబానికి ఆ ఇంటి మీదా అక్కడ ఉండే హక్కు మీదా దస్తావేజు ఇస్తారు. అది పిల్లలకు సంక్రమిస్తుంది, తాకట్టు కూడా పెట్టుకోవచ్చు. 2009లో ఆ భూమిని లాక్కునే ప్రయత్నం జరిగితే పోరాడి 2013లో తిరిగి తెచ్చుకున్నారు. మరియాలో అక్కడా పైకప్పులెగిరిపోయాయి. కానీ ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరింట్లో మంచం పట్టిన రోగి ఉన్నాడో ఎరిగిన సంఘాలు అప్పటికే ఉన్నాయి. టార్పాలిన్లు కట్టడం, కప్పులు వేయడం వాటి చేతుల మీదుగా నడిచింది. ప్యూర్టోరికో కొండల్లో అద్హుంతాస్ ఊరి కాసా ప్యూబ్లో సంస్థదీ ఇదే బాట. దీవి మొత్తం నెలల తరబడి చీకట్లో ఉంటే ఆ సంస్థ సోలార్ పలకల వెలుగుతో ఊరికి దిక్కయింది. 2023లో ఊరి నడుమ దుకాణాల వాళ్లు కలిసి నడుపుకునే సొంత సోలార్ గ్రిడ్ మొదలైంది.

ఇలాంటి ఏర్పాటు అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లం శాన్ హువాన్ దాకా పోనక్కర్లేదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపే వన్ ఆఫ్ సెవెంటీ చట్టం మన దగ్గరుంది. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేసుకున్నాం. పేదవాడి చేతిలో అమ్ముకునే స్వేచ్ఛ పెట్టి, అవసరం తోసుకొచ్చే రోజు కోసం డబ్బున్నవాడు పక్కన కూచుంటే ఏమవుతుందో మన పెద్దలకు తెలుసు కాబట్టే ఆ చట్టాలు వచ్చాయి. తుఫాను మర్నాటికన్నా ఆ అవసరం ఎక్కువగా ఉండే రోజు ఇంకేముంటుంది? సరిగ్గా ఆ రోజునే పట్టా చేతికిచ్చి అమ్ముకోవడం నీ ఇష్టం అనడం స్వేచ్ఛ ఎలా అవుతుంది?

ఉమ్మడి భూమిలో లోపాలు లేవని నేననను. కౌన్సిల్ చేతిలో పెత్తనం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది, అర్జీలు మూలుగుతాయి. మరో కరీబియన్ దీవి డొమినికాలో 1903 నుంచి ఉమ్మడిగా ఉన్న కాలినాగో ఆదివాసుల ప్రాంతంలో, నేల తాకట్టుకు పనికిరాక అప్పులు దొరకడం లేదని అక్కడివాళ్లే వాపోతారు. బార్బుడాలోనూ అందరిదీ ఒకే మాట కాదు. డి నీరో ప్రాజెక్టు మీద ఊరు రెండుగా చీలింది. పైగా ఉమ్మడి భూమి దానంతటది ఇటుక పేర్చదు. డబ్బు కావాలి. ఇర్మా వల్ల ఆంటిగ్వా బార్బుడాకు 13.6 కోట్ల డాలర్ల నష్టం జరిగిందనీ, కోలుకోవడానికి 22.2 కోట్లు కావాలనీ ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి, ఇతర సంస్థలు కలిసి చేసిన అంచనా తేల్చింది. ఇంత డబ్బు రెండు వేల మంది చందా వేసుకుంటే రాదు. కానీ ఈ లోపాల్లో ఒక్కటి కూడా నేల అమ్మితే తీరేది కాదు. కౌన్సిల్ బాగా పనిచేయకపోతే కౌన్సిల్‌ను సరిచేయాలి. అప్పు కావాలంటే మార్టిన్ పెన్యా తరహాలో ఇంటి మీద హక్కును నేల నుంచి విడదీసి తాకట్టుకు వీలు కల్పించాలి. సాయం చేసే సంస్థలు డబ్బును భూమి చట్టం మార్చాలన్న షరతుతో ముడిపెట్టకూడదు.

కోర్టులు కూడా బార్బుడన్ల పక్షాన సగమే నిలబడ్డాయి. బార్బుడన్లకు ఉమ్మడి భూమిలో ఉన్న హక్కు రాజ్యాంగం కాపాడే ఆస్తి కిందకు రాదని ఆ దేశానికి చివరి కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 2022లో తీర్పు చెప్పింది. రెండు శతాబ్దాలకు దగ్గరగా ఒక జనం ఉంటూ, పండించుకుంటూ, పూడ్చిపెట్టుకుంటూ వచ్చిన నేల ఆస్తి కాదట. నిన్న మొన్న వచ్చిన కంపెనీ కౌలు పత్రం మాత్రం పక్కా ఆస్తి. పట్టా వాదం మనసులోని మాట ఈ తీర్పులో బట్టబయలైంది. కాగితం ఉంటేనే హక్కు అంటే, కాగితాలు రాసేవాడిదే హక్కు. అదే ప్రీవీ కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో ఇంకో సంగతి తేల్చింది. విమానాశ్రయం అనుమతిని సవాలు చేసిన ఇద్దరు బార్బుడన్లకు, సముద్ర జీవశాస్త్రవేత్త జాన్ ముసింగ్టన్‌కూ జాక్లిన్ ఫ్రాంక్‌కూ, ఆ కేసు వేసే అర్హత ఉందంది. కింది కోర్టు అర్హత లేదని తోసిపుచ్చిన కేసది. ఈ తీర్పు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఏడాదే విమానాశ్రయం తెరిచారు కూడా. హక్కు కోర్టులో గెలిచే లోపు రన్‌వే నేల మీద గెలిచింది.

కోలుకోవడాన్ని కొలిచే తీరు మార్చుకోకపోతే ఈ మోసం సాగుతూనే ఉంటుంది. హోటలు గదులెన్ని తెరుచుకున్నాయి, విమానాలెన్ని దిగాయి, పెట్టుబడి ఎంత వచ్చింది అని లెక్క కడితే ఇవాళ్టి బార్బుడా బాగుపడిందనే తేలుతుంది. తుఫానుకు ముందు ఆ దీవిలో ఉన్నవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, వాళ్ల పిల్లలు ఇరవై ఏళ్లకు ఇల్లు కట్టుకోవాలంటే ఎవరి కాళ్లూ పట్టుకోకుండా జాగా దొరుకుతుందా, మళ్లీ హరికేన్ వస్తే ఉప్పెనకు అడ్డం నిలిచే దిబ్బ మిగిలిందా అని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఈ మూడు ప్రశ్నలకు జవాబివ్వలేని పునర్నిర్మాణ ప్రణాళికకు ప్రపంచ బ్యాంకు గానీ, దాత దేశాలు గానీ పైసా విదల్చకూడదు. పట్టా పంచుతామని వచ్చే ప్రతి ప్రభుత్వాన్నీ ముందు అడగవలసింది కూడా ఒకటే: నువ్విచ్చే ఈ కాగితం చేతికొచ్చాక మా చేతిలోంచి పోయేదేమిటి? దానికి సూటిగా జవాబు చెప్పనంతకాలం ఆ పట్టాను తుఫాను సాయంగా చూడకూడదు, రెండో తుఫానుగానే చూడాలి.